లాగుడు మాస్టారి గుండీలు

మా ప్రయోగశాల పెద్దాయన లాగి చూడకుండా దేన్నీ నమ్మేవారు కాదు. తలుపు పిడి, కుర్చీ కాలు, ఎదురుపడ్డవాడి తెల్లకోటు గుండీ, అన్నీ ఒకసారి లాగాల్సిందే. గుండీ ఊడితే "చెప్పానా?" అని జేబులో వేసుకుని వెళ్లిపోయేవారు. మేం ఆయనకు లాగుడు మాస్టారని పేరు పెట్టాం. సోమవారం కోట్లు ఉతికి వచ్చేసరికి గుండీలు మళ్లీ ఉండేవి. ఆ మంచితనానికి లాండ్రీ ఆయనకు ఆరేళ్లుగా టీలు తాగిస్తూ వచ్చాం.

"పెళ్లయిన కొత్తలో మా కర్టెన్లన్నీ లాగి చూశారు బాబూ," అన్నారు మాస్టారి భార్య ఒకసారి. "అప్పట్నుంచీ మా ఇంట్లో కర్టెన్లు లేవు."

రక్తనాళం గోడకు అంటుకుని మందు అందించే నానో కణాలు తయారుచేయడం నా పని. గాజు గొట్టంలో కణాలు అంటించి, నీళ్లు పారించి, ఎన్ని మిగిలాయో చూడాలి. ఊడిపోతాయన్న భయంతో పసిబిడ్డకు స్నానం చేయించినంత మెల్లగా పారించేవాణ్ణి. ఎనిమిది నెలల్లో ఒక్కటీ నిలవలేదు. శుక్రవారానికి ఫలితం చూపకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు పైవాళ్లు. గురువారం నేనే రాజీనామా రాసి మాస్టారికి ఇచ్చాను.

ఆయన కాగితం పట్టుకుని లాగారు. నేనెందుకో వదల్లేదు. చిరిగి చెరి సగం వచ్చింది.

"మానేసేవాడివి అంత గట్టిగా పట్టుకున్నావేం?" అన్నారు. "సరే, ఆ కణాల్ని ఎప్పుడైనా గట్టిగా లాగి చూశావా?"

"మెల్లగా పారిస్తేనే నిలవట్లేదు మాస్టారూ. గట్టిగా లాగితే మిగుల్తాయా?"

"చూస్తే పోలా," అంటూ పంపు చివరికంటా తిప్పేశారు. మైక్రోస్కోపు తెరమీద చుక్కల్లా మెరిసే కణాలు కొంచెం జరిగి ఆగిపోయాయి. ఎంత నీరు పారినా కదల్లేదు. వేగం తగ్గిస్తే మళ్లీ కొట్టుకుపోయాయి.

"కణాలు అంటుకోవాలని వాటి చుట్టూ నువ్వు పూసిన సన్నటి పోగులు ముడుచుకుని ఉన్నట్టున్నాయి. లాగితేనే విచ్చుకుని గోడను పట్టుకుంటున్నాయి. నువ్వేమో ఇన్నాళ్లూ ముద్దు చేశావు," అన్నారు.

ప్రాజెక్టు నిలిచింది. తర్వాత కావాలనే అలా ముడుచుకునే పోగులు తయారుచేశాం. ఆ సాయంత్రం మాత్రం సంతోషం పట్టలేక కనిపించినవాళ్లందరికీ థాంక్స్ చెప్పాను. గుండీలు కుట్టినందుకు లాండ్రీ ఆయనకూ చెప్పాను.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నేను ఉతకడమే బాబూ, కుట్టేది మీ మాస్టారు. వదులైన గుండీ ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, యాసిడ్ దగ్గర పిల్లల కోటు తెరుచుకోకూడదంటారు. చెప్పొద్దన్నారు. మీరు టీ ఇప్పిస్తుంటే నాకూ చెప్పబుద్ధి కాలేదు."

మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది. అప్పటి నా తెల్లకోటు ఇప్పుడు నాకు పట్టదు. అయినా బీరువాలోంచి తీసినప్పుడల్లా పై గుండీ లాగి చూస్తాను. ఇంతవరకూ ఊడలేదు.