ఆ సూదిలో మందు లేదని నాకు తెలుసు

ఒక సంగతి గుండెల మీద కుంపటిలా పెట్టుకునే ముసలిదాన్నయ్యాను. ఇవాళ మీతో చెప్పేస్తాను.

నర్సింగ్ స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ ఒక పాఠం నాదే. తోటి నర్సు మత్తుమందుకి అలవాటు పడితే ఎలా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి అన్నది. నొప్పి సూదులన్నీ తానే వేస్తానని ముందుకొస్తుంది, మండే ఎండల్లోనూ పొడుగు చేతుల జాకెట్టు వేస్తుంది, ఆమె డ్యూటీలో ఉంటే రోగులకి నొప్పి తగ్గదు. బాగా చెప్పేదాన్ని. ఎవరిని చూసి నేర్చుకున్నానో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

డెబ్బైల్లో అమలాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో చేరాను. కరుణక్క అక్కడ సీనియర్ సిస్టరు. ఎంత మంచి రోజులో అవి! కంటితో వెతక్కుండా వేలితో తడిమి నరం పట్టుకోవడం నాకు ఆవిడే నేర్పింది. ఆదివారం చర్చిలో ఆవిడ గొంతెత్తితే హార్మోనియం వెనకబడేది. ఆవిడ క్యారేజీలో చేపల పులుసు ఉంటే పెద్ద ముక్క నా కంచంలోనే పడేది. కాలవ గట్టున గంజి పెట్టిన తెల్లచీరలు ఆరేస్తూ ఎందుకు నవ్వుకునేవాళ్ళమో కూడా తెలిసేది కాదు. నాకు తోడబుట్టిన అక్క లేదు. ఆ లోటు ఆవిడ తెలియనివ్వలేదు.

ఒక పొద్దున డ్రెస్సింగ్ రూము తలుపు తోశాను. అక్క తన తొడకే పెథిడిన్ వేసుకుంటోంది. ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పి తెలియకుండా వేసే మందు అది.

“ఎవరితోనూ అనకే చెల్లీ. మానేస్తాను, ఒట్టు,” అంది.

ఆ మందు ఎవరిదో అడగక్కర్లేకపోయింది. ఆ పూట ఆ మందు రాసింది ఒక్కరికే, కాట్రేనికోన నుంచి వచ్చిన బాలింతకి. కడుపు కోసి బిడ్డని తీశారు. ఆమెకి అక్క ఉత్తి నీళ్ళ సూది వేసి వచ్చిందని అర్థమైపోయింది. ఆమె దగ్గరికి వెళ్ళాను.

“ఏమ్మా, నొప్పి తగ్గిందా?”

“ఆయ్, తగ్గిందండీ. పెద్ద సిస్టరుగారు సూది వేసేరు కదండీ.”

ఆమె చెయ్యి మంచం కమ్మీని వదలడం లేదు. మా వైపు మనుషులంతే, మేలు చేసినవాళ్ళతో తగ్గలేదని అనలేరు. ఆ మర్యాద నాకు తెలియదా? నేనూ అక్కడి పిల్లనేగా! డాక్టరుగారు పక్క వార్డులోనే ఉన్నారు. ఒక్క మాట చెబితే ఆమెకి మందు పడేది, అక్క ఉద్యోగం పోయేది. “ఇంకా తగ్గుతుందిలే,” అని దుప్పటి సర్ది వచ్చేశాను. అది ప్రేమా, పిరికితనమా? ఆ తర్వాత ఇంకెందరి దుప్పట్లు అలా సర్దానో.

అక్కని కాపాడుతున్నాననుకున్నాను. కొన్నాళ్ళకి ఆ మందే అక్క ప్రాణం తీసింది. గుండె ఆగిందని అందరితోపాటు నేనూ అన్నాను.

ఎనభైల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒకమ్మాయి లేచి, “మనకి బాగా కావలసిన మనిషైతే ఏం చెయ్యాలండీ?” అని అడిగింది. “అప్పుడూ చెప్పాలమ్మా,” అన్నాను. వెంటనే తర్వాతి పాఠం ఎత్తుకున్నాను.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి మీరు కారు. అక్క గురించి ఇంత గుర్తున్నదాన్ని, ఆ బాలింత పేరు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. ఆమె నొప్పితో ఉందని తెలిసే వచ్చేశాను. ఇదిగో, పైకి అనేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.