నడవని అయిదో నంబరు

కండక్టరమ్మకు మనుషుల మీద పెద్దగా గౌరవం ఉండేది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ట్రామ్ వెనక గుమ్మంలో నిలబడి టిక్కెట్లు చింపిన మనిషికి గౌరవం మిగిలి ఉంటేనే ఆశ్చర్యపడాలి. ఇస్త్రీ చొక్కావాడు చంటిపిల్ల తల్లిని మోచేత్తో పొడిచి సీటు పట్టడం ఆవిడ చూసింది. చంకలో లావుపాటి పుస్తకాలున్న పెద్దమనిషి నిన్నటి టిక్కెట్టు మీద తేదీని ఉమ్ముతో చెరిపి దర్జాగా చూపించడమూ చూసింది. అందుకే ఎవరేం చెప్పినా ముందు కింది పెదవి ఓ పక్కకు విరిచేది. పదవీ విరమణ రోజున మేనేజరు "మనమంతా ఒకే కుటుంబం" అని ఉపన్యాసం దంచుతుండగా తీసిన ఫోటోలో కూడా ఆ పెదవి అలాగే ఉంటుంది.

రిటైరై ఆరేళ్ళయింది. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఆ షాపు మీదే రెండో అంతస్తులో ఇద్దరికీ రెండు గదుల ఇల్లు. మోకాళ్ళు పట్టేసి కండక్టరమ్మ మెట్లు దిగడం తగ్గించాక, కూతురు తన పాత లాప్‌టాప్ తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఓ మధ్యాహ్నం ఊసుపోక "మా ఊరి ట్రామ్" అని కొట్టి చూస్తే, ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం తగిలింది. పేరు: "నగర తేలికపాటి రైలు రవాణా వ్యవస్థ".

సాయంత్రం కూతురు ఇంకా చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"తేలికపాటిదటే! ఒక్కో పెట్టె పద్దెనిమిది టన్నులు. ఈ రాసినవాడి కాలి మీదుగా పోనిస్తే తెలిసేది, తేలికో బరువో."

"నచ్చకపోతే దిద్దుకోవచ్చమ్మా. పైన 'సవరించు' అని ఉంటుంది చూడు. ఎవరైనా దిద్దొచ్చు."

"ఎవరైనానా?"

"ఎవరైనా."

"అదీ సంగతి. అందుకే ఇలా ఏడ్చింది."

పెదవి విరిచిందే గాని, మర్నాడు కూతురు షాపుకు దిగీ దిగగానే లాప్‌టాప్ తెరిచింది. 'కండక్టరమ్మ' అనే పేరుతోనే ఖాతా తెరుచుకుంది. చూస్తే ఆ వ్యాసం వెనక ఇంకో పేజీ ఉంది. చర్చా పేజీ అట. పేరు ఏం పెట్టాలన్న దాని మీద పదకొండు నెలలుగా అక్కడ కొట్లాట నడుస్తోంది. వ్యాసం మూడు పేజీలు, కొట్లాట నలభై పేజీలు.

కొట్టుకునేవాళ్ళలో ముఖ్యులు ముగ్గురు. అందరివీ మారుపేర్లే. భాషారక్షకుడు అనేవాడికి ట్రామ్ అన్న మాటే గిట్టదు. దాని బదులు "విద్యుద్వీధీశకట జాలము" అని పెట్టాలని పట్టు పట్టాడు. నిష్పాక్షికుడు అనేవాడు అక్కడ పెత్తందారు. ప్రతి గొడవకూ ఓ నిబంధన నంబరు వేసి తీర్పు చెప్పేస్తాడు. మూడోవాడి పేరు గుమ్మడికాయ. అతను తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే ఏదో ఒక ఫోటో పెడతాడు.

కండక్టరమ్మ అంతా రెండు రోజులు చదివింది. చదువుతున్నంతసేపూ ఒళ్ళు మండింది. మూడో రోజు ఒక్క వాక్యం రాసింది: "అయ్యా, మీలో ఎవరెవరు ఆ బండి ఎక్కారో ముందు చెప్పండి."

భాషారక్షకుడు తాను వేరే ఊళ్ళో ఉంటానని, అయినా విషయం సిద్ధాంతపరమైనదని రాశాడు. నిష్పాక్షికుడు ఒకసారి ఆ ఊరు వచ్చాడట, టాక్సీలో తిరిగాడట. గుమ్మడికాయ మాత్రం, "రోజూ ఎక్కేవాణ్ణి. నాలుగో నంబరు. కాలేజీకి వెళ్ళేటప్పుడు సీటు దొరికేది కాదు" అని రాశాడు.

"విద్యుద్వీధీశకటం ఎక్కడాగుతుందని అడిగితే మా వాళ్ళు పిచ్చాసుపత్రి దారి చూపించేవాళ్ళు" అని కండక్టరమ్మ జవాబిచ్చింది. ఆ మాటకు నిష్పాక్షికుడు మర్యాద నిబంధన కింద ఆవిణ్ణి హెచ్చరించాడు. ఈలోగా గుమ్మడికాయ ఊళ్ళో తొమ్మిది స్టాపులు తిరిగి, తొమ్మిది బోర్డులూ ఫోటో తీసి పెట్టాడు. అన్నింటి మీదా తాటికాయంత అక్షరాలతో 'ట్రామ్ స్టాప్' అనే ఉంది. పదకొండు నెలల కొట్లాట ఆ పూటతో ముగిసింది. వ్యాసం పేరు "నగర ట్రామ్ వ్యవస్థ" అయింది. భాషారక్షకుడు అలిగి, వంకాయల మీద వ్యాసం పేరు మార్చడానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు కండక్టరమ్మకు లోపల సంతోషం వేసింది. పైకి మాత్రం, "బోర్డు చూసి చదవడానికి వీళ్ళకి ఏడాది పట్టింది" అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పేరు కింద ఉన్నదంతా మొదటిసారి నిదానంగా చదివింది. లైన్ల జాబితాలో అయిదోది చూసి కళ్ళద్దాలు తుడుచుకుంది. "అయిదో నంబరు లైను: బొగ్గు రేవు నుంచి గాజు ఫ్యాక్టరీ వరకు. నాలుగేళ్ళు నడిచింది."

అయిదో నంబరు నడవలేదు. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బొగ్గు రేవు దగ్గర నాలుగు వందల మీటర్ల పట్టా వేశారు, అంతే. ట్రామ్ సంస్థ ఛైర్మన్ వచ్చి రిబ్బను కత్తిరించాడు. బండిలో ఛైర్మన్, ఆయన వెనకాల తోకల్లా ఇరవై మంది, వెనక గుమ్మంలో కండక్టరమ్మ. డ్రైవరు గంట కొట్టి కదిలించాడు. పైనున్న కరెంటు తీగ అయిపోయిన చోట బండి ఆగిపోయింది. ఫోటోలు తీసుకుని అందరూ కార్లెక్కి వెళ్ళిపోయాక, డిపో వాళ్ళు పద్నాలుగు మంది బండిని చేతుల్తో వెనక్కి తోశారు. మిగతా పట్టా ఆ తర్వాత ఎవరూ వేయలేదు.

కండక్టరమ్మ ఆ లైనును జాబితాలోంచి కొట్టేసింది. ఆరు నిమిషాల్లో నిష్పాక్షికుడు మళ్ళీ పెట్టేశాడు. "ఆధారం లేకుండా తొలగించరాదు. ట్రామ్ సంస్థ రజతోత్సవ సంచికలో ఈ లైను ఉంది."

"ఆ సంచిక రాసినాయన కారు దిగి ఎరగడు" అని రాసింది ఆవిడ. "నేను ఆ బండిలో ఉన్నాను. నడవలేదు."

"సొంత అనుభవం ఆధారం కాదు. అచ్చయినది చూపండి."

అచ్చయినది! ఆ మాటకు కండక్టరమ్మ పగలబడి నవ్వింది. ఉమ్ముతో చెరిపిన తేదీలు కూడా అచ్చయినవే. అయినా పంతం వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, ట్రామెక్కి, సిటీ లైబ్రరీకి వెళ్ళింది. లైబ్రేరియన్ ఆవిడను ఎగాదిగా చూసి, పాత కాగితాలు నేలమాళిగలో ఉంటాయని, అక్కడికి వెళ్ళేవాళ్ళెవరూ లేరని చెప్పాడు. "ఇప్పుడు ఒకరున్నారుగా" అని దిగిపోయింది. నాలుగు రోజులు తుమ్ముకుంటూ వెతికితే, ఆ నాలుగేళ్ళ టైం టేబుళ్ళూ దొరికాయి. ఒకటో నంబరు నుంచి నాలుగు దాకా, ఆ తర్వాత ఆరు. అయిదు లేదు.

ఫోటోలు పెట్టింది. నిష్పాక్షికుడు రాశాడు: "టైం టేబుల్లో లేనంత మాత్రాన నడవలేదని చెప్పలేం."

"వీడి బుర్రలో ఏమీ లేదని మాత్రం చెప్పగలం" అంది కండక్టరమ్మ కూతురితో. అది రాయకుండా కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

వారం తర్వాత నిష్పాక్షికుడు గెలిచినట్టే కనిపించాడు. ఎక్కడ సంపాదించాడో, డిపో డ్యూటీ రిజిస్టరు పేజీలు తెచ్చి వరసగా పెట్టాడు. ప్రతి రోజూ ఒక వరస: అయిదో నంబరు, ఉదయం షిఫ్టు, డ్రైవరు సంతకం, కండక్టరు సంతకం. నాలుగేళ్ళపాటు ఒక్క రోజు తప్పలేదు. "ఇక చర్చ ముగిసినట్టే" అని కింద రాశాడు.

కండక్టరు సంతకం గుండ్రంగా, చివర పొడుగాటి తోకతో ఉంది. కండక్టరమ్మదే.

ఆవిడ మరిచిపోలేదు. తలుచుకోవడం మానేసింది, అంతే. లైను నడుస్తోందని పైవాళ్ళకు చూపించుకోవడానికి మేనేజరు ఒక డ్రైవరునూ ఒక కండక్టరునూ ఎంచుకున్నాడు. వాళ్ళు రోజూ అయిదో నంబరు అని సంతకం పెట్టి, నాలుగో నంబరు ఎక్కేవాళ్ళు. ఉన్నవన్నీ అబద్ధాలేనని అందరి ముందూ పెదవి విరిచే మనిషి, ఈ అబద్ధాన్ని తన చేత్తో వెయ్యి సార్లకు పైగా రాసింది. నిష్పాక్షికుడి మూర్ఖత్వానికి ఆధారం తానే. ఆ రోజు ఆవిడకు లోకమంతటి కంటే తనే ఎక్కువ ఏవగింపుగా తోచింది. లాప్‌టాప్ మూసేసి, పది రోజులు దాని జోలికి పోలేదు.

పదకొండో రోజున తెరిస్తే గుమ్మడికాయ నుంచి సందేశం. "అమ్మా, ఆ సంతకం ఎవరిదో మీకు తెలుసనుకుంటాను."

"నాదే" అని రాసింది.

అతను పళ్ళ డాక్టరు. క్లినిక్ నాలుగో నంబరు దారిలోనే ఉంది. పేషెంట్లు లేని ఓ మధ్యాహ్నం రమ్మన్నాడు. కండక్టరమ్మ వెళ్ళి, పళ్ళు పీకే కుర్చీలోనే కూర్చుంది. గదిలో వేరే కుర్చీ లేదు.

"మీ పేరేంటండీ, గుమ్మడికాయేంటి?"

"మా ఇంట్లో చిన్నప్పుడు అలాగే పిలిచేవాళ్ళండి" అన్నాడు డాక్టరు, పొట్ట తడుముకుంటూ. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీరు చర్చా పేజీలో రాస్తే చెల్లదమ్మా. అదే మాట పేపరుకి రాయండి. అచ్చయితే అది ఆధారం. నేను పెడతాను."

"అంటే అబద్ధం అచ్చేస్తే అదే ఆధారం, అది అబద్ధమని చెప్పాలన్నా అచ్చే కావాలి."

"అంతేనండి."

"ఏడ్చినట్టుంది మీ విజ్ఞానం."

"ఏడ్చినట్టే ఉంటుందండి. అయినా వెయ్యి మంది చదువుతారు."

ఇంటికి వచ్చి ఉత్తరం రాసింది. అయిదు సార్లు చించింది. ఆరోసారి రాసినది పోస్టు చేసింది. మూడు వారాలకు పేపరు వాళ్ళు దాన్ని సగానికి కోసి, ఆదివారం పేజీలో, గళ్ళనుడికట్టు పక్కన వేశారు. అయినా ముఖ్యమైనది మిగిలింది: లైను నడవలేదు, సంతకాలు నావీ డ్రైవరువీ, బదులుగా నాకు నాలుగేళ్ళు ఉదయం షిఫ్టు ఇచ్చారు.

కూతురు షాపు కౌంటరు దగ్గరే చదివి, పేపరు పట్టుకుని పైకి వచ్చింది.

"ఉదయం షిఫ్టంటే... నేను బడి నుంచి వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండేదానివి. ఆ నాలుగేళ్ళేనా?"

"ఆ నాలుగేళ్ళే."

"నా కోసమా అమ్మా?"

"నీ కోసమే అని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. నీ కోసం కొంత. సాయంత్రం తాగుబోతులతో వేగలేక కొంత. అడిగినవాడికి కాదని చెప్పే ధైర్యం లేక కొంత. ఏ పాలు ఎంతో ఇప్పుడు తూచలేను."

కూతురు పేపరులో ఆ ముక్క జాగ్రత్తగా కత్తిరించి, తన పర్సులో పెట్టుకుంది.

ఆ మర్నాడే అయిదో నంబరు డ్రైవరు వచ్చాడు. అప్పట్లో బండి ముందు ఆయన, వెనక ఈవిడ. అన్నాచెల్లెళ్ళలా మెలిగారు. డెబ్భై దాటిన మనిషి రెండంతస్తులు ఎక్కి, రొప్పుతూ గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఎంత పని చేశావు చెల్లెమ్మా! అయిదో నంబరు తొలి డ్రైవరునని నా మనవలకు చెప్పుకున్నాను. ఫోటో కట్టించి గోడకు పెట్టుకున్నాను. ఇప్పుడు వాళ్ళ మొహం ఎలా చూడాలి?"

"ఫోటో అబద్ధం కాదు కదన్నా. ఆ లైను మీద బండి నడిపింది లోకంలో నువ్వొక్కడివే. నాలుగు వందల మీటర్లే, కానీ నువ్వే."

"నీకేం, నీకు ఎవరన్నా లెక్కలేదు. నీ పేరూ నా పేరూ కలిపి బురదలోకి లాగావు."

"పేపరులో మన పేర్లు ఎక్కడున్నాయి? మాజీ కండక్టరట, మాజీ డ్రైవరట. ఊరంతా వెతికినా మనం ఎవరమో ఎవడికీ తెలియదు. కూర్చో, టీ పెడతాను."

ఆయన కూర్చోలేదు, టీ తాగలేదు. మెట్లు దిగుతుంటే మధ్యలో రెండుసార్లు ఆగడం ఆవిడకు పైనుంచి వినిపించింది.

గుమ్మడికాయ చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. నిష్పాక్షికుడు పదకొండు రోజులు నిబంధనలన్నీ తిరగేసి, చివరికి తన ఓపికకు తనే ధన్యవాదాలు చెప్పుకుని ఒప్పుకున్నాడు. జాబితాలో ఇప్పుడు ఇలా ఉంటుంది: "అయిదో నంబరు లైను: ప్రారంభోత్సవం జరిగింది. నడవలేదు. నాలుగేళ్ళపాటు నడిచినట్టు రిజిస్టర్లలో రాశారు." కండక్టరమ్మ ఆ మూడు వాక్యాలు చదివి, రెండో చుక్క తర్వాత ఖాళీ ఎక్కువైందని సరిచేసింది.

రెండు నెలలకు డ్రైవరు ఫోను చేశాడు. పలకరింపు లేదు, పాడూ లేదు. "ఆరో నంబరు మొదలైన ఏడాది తప్పు రాశారు మీ వాళ్ళు" అన్నాడు.

"మా వాళ్ళెవరు? నువ్వే వచ్చి దిద్దుకో."

వచ్చాడు. అప్పటినుంచి ప్రతి మంగళవారం పొద్దున వస్తున్నాడు. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో, ఒక్కో అక్షరాన్నీ వేటాడినట్టు వెతికి కొడతాడు. పక్కన కుర్చీలో కండక్టరమ్మ కూర్చుంటుంది. "అన్నా, నువ్వు బండి కూడా ఇలాగే నడిపి ఉంటే జనం నడిచి పోయేవాళ్ళు" అంటుంది. ఆయన వినిపించనట్టే ఇంకో అక్షరం కోసం వెతుకుతాడు.