రెండో టేబుల్ ఐబు

మొన్న చలికాలం బట్టలు బయటికి తీసి ఇస్త్రీ చేస్తుంటే, ఉన్ని శాలువా మీద వేడి పెట్టె ఆనించగానే గది నిండా ఒక వాసన లేచింది. కాలీ కాలని ఉన్ని వాసన. ముక్కుకు అంత ఇంపైనదేమీ కాదు. మా ఆయన లేచి కిటికీ తెరిచాడు. నేను మాత్రం పెట్టె పక్కన నిలబెట్టి, శాలువాను ముఖానికి దగ్గరగా పట్టుకుని కాసేపు అట్లాగే ఉండిపోయాను. జహీరాబాద్‌లో హైవే పక్కన, ఎరువుల దుకాణం పైఅంతస్తులో, పొద్దున్నే స్నూకర్ టేబుల్ మీది పచ్చని ఉన్నిబట్టను ఇస్త్రీ చేస్తూ మాణిక్ పటేల్ కాక ఆ వాసనలో నాకు కనిపించారు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయనతో నేను పెట్టుకున్న తగాదా గురించి చెప్పాలి. భీమవరం దగ్గర పల్లె మాది. ఇంజనీరింగ్ అయిపోయి ఇక్కడి ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో చేరిన కొత్తలో, ఆ దుకాణం వెనక గదిలో అద్దెకు దిగాను. వారానికి ఒక్క ఆదివారం నాకు నిద్ర. ఆ ఒక్కరోజూ పైనుంచి టక్, టక్ అని బంతుల చప్పుడు. నెల రోజులు ఓర్చుకుని, ఒక ఆదివారం పొద్దున మెట్లెక్కి పోట్లాటకు వెళ్ళాను. తెల్ల లాల్చీ, మెడలో కండువా, చేతిలో ఇస్త్రీపెట్టెతో ఒక పెద్దాయన ఎదురయ్యారు. నేను నోరు తెరవకముందే ఆయనే అందుకున్నారు. "చప్పుడైతున్నది గద బిడ్డా. తప్పు నాదే. కట్టిచ్చినప్పుడు స్లాబు పల్చగ ఏసిన. కూసో, చాయ్ తాగు." తప్పు నాదే అని ముందే ఒప్పుకున్నవాడితో ఎట్లా పోట్లాడాలో మా ఊళ్ళో ఎవరూ నేర్పలేదు. చాయ్ తాగాను. ఆ పూటే బంతిని కొట్టే క్యూ కర్ర పట్టాను.

మొదట్లో ఆయన్ను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. అక్కడ కూర్చున్న నలుగురూ నవ్వేవారు. "కాకా అను బిడ్డా, నోరు తేలికైతది" అన్నారాయన. అప్పటినుంచి కాకా అనే. కాకది ఝరాసంగం దగ్గర ఊరు. అల్లం, కంది వేసే పెద్ద రైతు. ఆయనకు స్నూకర్ అంటుకున్న వైనం ఆయన నోట వినాల్సిందే. పొలం గట్టు కేసు కోసం ఏళ్ళ తరబడి హైదరాబాద్ తిరిగారట. వాయిదా ఎప్పుడు పిలుస్తారో తెలియక, ఎండకు తాళలేక కోర్టు ఎదుటి స్నూకర్ హాల్లో కూర్చునేవారట. కేసు ఓడిపోయారు, ఆట మిగిలింది, దానికోసమే ఈ హాలు కట్టించారు. అవతలివాడికి గట్టు దక్కింది గానీ ఇంత మంచి ఆట దక్కలేదని ఆయన ధీమా.

స్నూకర్ తెలియనివారికి ఒక్క మాట. పన్నెండడుగుల పొడవున్న టేబుల్, ఆరు పాకెట్లు, ఎర్రబంతులు, రంగు బంతులు, వాటిని కొట్టి పాకెట్లలో వేయడానికి ఒక తెల్లబంతి. అయిదు ఆటల్లో ముందుగా మూడు గెలిచినవాళ్ళది మ్యాచ్. టేబుల్ మీద పరిచే ఉన్నిబట్టకు మఖమల్‌కు ఉన్నట్టే నూగు ఒక వైపుకు వాలి ఉంటుంది. రోజూ దాన్ని ఒకే వైపుకు దువ్వి, ఒకే వైపుకు ఇస్త్రీ చేయాలి. పొలంలో పదిమంది కూలీలున్నా ఈ పని మాత్రం కాక ఎవరికీ అప్పగించలేదు.

హాల్లో మూడు టేబుళ్ళు ఉండేవి. మొదటి రోజు నాకు కర్ర పట్టడం కూడా చూపించకముందే కాక రెండో టేబుల్ దగ్గరకు తీసుకెళ్ళి, ఒక ఎర్రబంతిని చేత్తో మెల్లగా దొర్లించారు. తిన్నగా వెళ్ళిన బంతి ఎడమవైపు చివరి పాకెట్‌కు జానెడు దూరంలో సన్నగా ఎడమకు ఒరిగి, పాకెట్ అంచును తాకి ఆగిపోయింది. "ఇది దీని ఐబు" అన్నారు. లోపమని అర్థం. జోరుగా కొడితే తెలియదు, నెమ్మదిగా కొడితేనే బంతి దారి తప్పుతుంది. ఇదంతా నాకెందుకు చెబుతున్నారని అడిగాను. "సంతల ఎద్దును అమ్మెటోడు ఐబు ముందు చెప్పాలె. చెప్పకుంటె వాడు రైతు కాదు. ఆట గూడ గంతే. కొత్తోడు కర్ర పట్టకముందే నువ్వు చెప్పాలె" అన్నారు. ఆ హాల్లో అదొక ఆచారం. కొత్తవాళ్ళెవరు వచ్చినా, వాళ్ళతో ఆడబోయే పాతవాళ్ళు ఆ బంతిని దొర్లించి చూపాల్సిందే.

నాకు ఉద్యోగం నేర్పిన బుద్ధి ఊరుకోదు కదా. ఒకరోజు మా ఫ్యాక్టరీ నుంచి అనుమతి తీసుకుని మట్టం కొలిచే పరికరం తెచ్చి, రెండో టేబుల్ నాలుగు మూలలూ కొలిచాను. ఎక్కడా తేడా లేదు. టేబుల్ బాగానే ఉంది కాకా, మీ చాదస్తం తప్ప అన్నాను. ఆయన నవ్వి, "నీ మిషన్ సాఫ్ అంటది. బంతిని అడుగు" అని మళ్ళీ దొర్లించారు. బంతి మళ్ళీ ఎడమకే ఒరిగింది. నేను నా పరికరాన్ని సంచిలో పెట్టుకున్నాను. ఆ పరికరం మాట ఇంకోసారి నాకు అక్కరకొస్తుందని, అదీ సిగ్గుపడే పనికి వస్తుందని అప్పుడు తెలియదు.

మూడేళ్ళు గడిచాయి. మా అమ్మకు మాత్రం క్యారమ్స్ ఆడుతున్నానని చెప్పేదాన్ని. అబద్ధమని ఎందుకనుకోవాలి, సర్దుబాటు అనుకునేదాన్ని. అప్పుడు వచ్చింది టోర్నమెంట్. ఈ ఆట మీదే బతికే ప్రొఫెషనల్స్‌తో పాటు పేరిచ్చిన ఎవరైనా ఆడవచ్చునన్న పోటీ. ఎక్కడో నగరాల్లో జరగాల్సింది, నిర్వాహకుల్లో ఒకాయనకు కాక టేబుళ్ళు నచ్చి మా హాలుకు వచ్చింది. పోటీకి ముందు హైదరాబాద్ నుంచి టేబుళ్ళు బిగించే ఫిట్టర్ వచ్చి మూడింటినీ సరిచూసి వెళ్ళాడు. రెండో టేబుల్ సంగతి కాక నిర్వాహకులకు విడమరిచి చెప్పారు. వాళ్ళు మట్టం పెట్టి చూసి, పటేల్ సాబ్ వినయం కొద్దీ అంటున్నారని కొట్టిపారేశారు. కాక మా హాలు ఆటగాళ్ళను పిలిచి, వచ్చేవాళ్ళకు మనమే చెప్పుకుందాం అన్నారు. అందరం సరేనన్నాం.

అంతటి మనుషుల కలగాపులగాన్ని నేను మళ్ళీ చూడలేదు. మెడకు బో టై కట్టి, కోటు తొడిగి, క్యూను పసిపాపలా పెట్టెలో పడుకోబెట్టి తెచ్చిన పుణె ప్రొఫెషనల్ ఒకవైపు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, ఇంత ఖరీదైన బట్ట దగ్గర చెప్పులేమిటంటూ, ఆటకు తప్పదన్న బూట్లు కూడా తొడుక్కోనని మొరాయించిన రాయికోడ్ చెరకు రైతు ఇంకోవైపు. ప్రతి ఆటకు ముందు చేతులు కడుక్కునే బీదర్ పళ్ళ డాక్టర్, షిఫ్ట్ దిగి ఒంటి మీది పెయింట్ వాసనతోనే వచ్చిన మా ఫ్యాక్టరీ కార్మికుడు, పదో తరగతి పరీక్షల మధ్య వచ్చిన హైదరాబాద్ అమ్మాయి, రిటైరైన రైల్వే గార్డు. అరవై రెండేళ్ళ కాక కూడా పేరిచ్చారు. ఆట మీద బతికేవాణ్ణి జీవితంలో ఒక్కసారి ఓడించాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. ఇక నేను.

మొదటి మ్యాచ్ నాకు పళ్ళ డాక్టర్‌తో పడింది. రెండో టేబుల్ మీద. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, కన్నడ యాసతో తెలుగులో మర్యాదగా పలకరించాడు. చెప్పడానికి నాకు బోలెడు సమయం ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో నా బుర్ర పని చేసింది. నేను స్వయంగా కొలిచాను, ఫిట్టర్ కొలిచాడు, నిర్వాహకులు కొలిచారు, పరికరం ప్రకారం లోపం లేదు, లేని లోపాన్ని చెప్పడమెందుకు? ఇంత చక్కని వాదన దొరికాక నోరు మూసుకోవడం ఎంతసేపు. చెరో రెండు ఆటలు గెలిచాం. చివరి ఆటలో డాక్టర్ ఆ ఎడమ పాకెట్‌కు మూడుసార్లు నెమ్మదిగా కొట్టాడు. మూడుసార్లూ బంతి అంచును తాకి ఆగింది. మూడోసారి ఆయన తన చేతివంక చూసుకున్నాడు, తప్పు చేతిదే అయినట్టు. నేను అదే పాకెట్‌కు వెంట్రుకవాసి కుడిగా గురిపెట్టి కొట్టాను. బంతి ఎడమకు ఒరిగి బుద్ధిగా లోపల పడింది. గెలిచాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆ జనంలోంచి కాక దగ్గరకు పరుగెత్తాను. ఆయన ఒకే మాట అడిగారు.

"చెప్పినవా?"

"చెప్పాను కాకా."

ఆయన నా ముఖంలోకి చూసి, నెత్తిమీద చెయ్యి పెట్టి, "శబాష్ బిడ్డా" అన్నారు. ఆ చెయ్యి నిప్పులా తగిలింది. ఆ రోజు గదికెళ్ళి అమ్మకు ఫోన్ చేసి గెలిచానని చెబితే, క్యారమ్స్‌లో కూడా ప్రైజులిస్తారా అని మురిసిపోయింది. ఎటు చూసినా అబద్ధాలే.

మర్నాడు పొద్దున కాక మ్యాచ్. ఎదుట ఆ పుణె ప్రొఫెషనల్, కుర్రాడు. టేబుల్ రెండోదే. రిఫరీ మొదలుపెట్టమన్నాక కాక కుర్రాణ్ణి పిలిచి, బంతిని దొర్లించి చూపించారు. ఒకసారి కాదు, అతనికి అర్థమయ్యేదాకా మూడుసార్లు. రిఫరీ గడియారం చూసుకున్నాడు. ఇది నాకెందుకు చెబుతున్నారని కుర్రాడు హిందీలో అడిగాడు. మా ఇంటికి వచ్చావు కాబట్టి అని కాక హిందీలోనే జవాబిచ్చారు.

ఆయన అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. రెండు రెండు దగ్గర నిలిచింది మ్యాచ్. చివరి ఆటలో నల్లబంతి ఒక్కటే మిగిలింది. ఎవరు వేస్తే వాళ్ళదే. కాక వంతు వచ్చింది, బంతి పాకెట్ తప్పింది. కుర్రాడి ముందు ఆ ఎడమ పాకెట్. నెమ్మదిగా తప్ప కొట్టడానికి వీల్లేని దూరం. అతను ఒక్క క్షణం కాక వైపు చూసి, వెంట్రుకవాసి కుడిగా గురిపెట్టాడు. బంతి ఎడమకు ఒరిగి లోపల పడింది. కాక కర్రను నేలకు తట్టి అభినందించి, వెళ్ళి అతన్ని కౌగిలించుకున్నారు. ఆయన ముఖంలో బాధ ఉంది, దాచుకోలేదు కూడా. కానీ ఆయన నడకలో తేడా రాలేదు.

నేను ఇంక ఆగలేకపోయాను. ఆయన హాలు వెనక గదిలో ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను.

"కాకా, నిన్న నేను డాక్టర్ గారికి చెప్పలేదండీ. చెప్పానని మీతో అబద్ధమాడాను."

"నాకెర్కే" అన్నారాయన, గ్లాసు మీంచి చూపు తిప్పకుండా. "ఆయన గదే పాకెట్‌కు మూడుసార్లు నెమ్మదిగ కొట్టిండు. తెలిసినోడు మూడోసారి కొడ్తడా?"

"మరి శబాష్ అన్నారు."

"గంతమంది ముంగట ఇంకేమనాలె? నువ్వే వచ్చి చెప్తవని సూసిన. ఒక్క దినం పట్టింది. నయమే." ఇంకో గ్లాసులో చాయ్ పోసి నా చేతికిచ్చారు. "డాక్టర్‌కు ఫోన్ చెయ్. చాయ్ తాగి చెయ్, గొంతు సాఫ్ ఉంటది."

నేను ఏడ్చాను. సిగ్గుతోనే కాదు, తేలికపడి కూడా. నిర్వాహకుల దగ్గర నంబరు తీసుకుని డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆయన, ఆటలో చెయ్యి వణికిందేమో, ఇంక పళ్ళు పీకడం మానుకోవాలేమోనని రాత్రంతా భయపడ్డానని, ఇప్పుడు ప్రాణం కుదుటపడిందని అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. గెలుపు ఆయనదై ఉండేదేమో, అది వేరే సంగతి. తన చేతి మీద ఆయనకున్న నమ్మకాన్ని నేను ఒక రాత్రి లాక్కున్నాను. ఆ మధ్యాహ్నం నా తర్వాతి మ్యాచ్‌లో హైదరాబాద్ అమ్మాయికి ముందే బంతి దొర్లించి చూపించి, చిత్తుగా ఓడిపోయాను. రెండు వారాలకు డాక్టర్ బీదర్ నుంచి కారేసుకుని వచ్చి, అదే టేబుల్ మీద నన్ను ఓడించి, కాకతో కలిసి జొన్నరొట్టె తిని వెళ్ళాడు. ఇప్పటికీ వస్తుంటాడు. మా ఇంట్లో అందరి పళ్ళూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఇప్పుడు కాక తన ఊళ్ళోనే ఉంటున్నారు. కళ్ళు మసకబారాయి. హాలును అల్లుడు చూస్తున్నాడు, ఇస్త్రీ మాత్రం ఆదివారాలు నేనే చేస్తాను. ఫ్యాక్టరీలో మా విభాగానికి కొత్తగా ఎవరు చేరినా, పనిముట్ల బల్ల దగ్గరకు తీసుకెళ్ళి ఏది ఎంత తప్పు చూపిస్తుందో, కిందటి ఏడు నేనే ఏది తప్పు కొలిచానో ముందు చెబుతాను. మొదట్లో వింతగా చూస్తారు, తర్వాత వాళ్ళ తప్పులు దాచుకోకుండా నా దగ్గరకు తెస్తారు. అమ్మకు కూడా చెప్పేశాను. క్యారమ్స్ కాదంటే పెద్దగా పట్టించుకోలేదు, ఎండలో ఆడే ఆట కాదు కదా అంది.

పోయిన వారం మా హాల్లో చిన్న పోటీ జరిగింది. చిరాగ్‌పల్లి నుంచి వచ్చిన కొత్త కుర్రాడితో రెండో టేబుల్ మీద ఆడాను. అయిపోయాక మా ఆయన ఫోన్ చేసి గెలిచావా అన్నాడు. అమ్మ చేసి గెలిచావా అంది. ఆఫీసు నుంచి కూడా ఎవరో అదే అడిగారు. చివరికి కాకకు నేనే చేశాను. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. తర్వాత ఆ పాత గొంతు, ఒకటే మాట.

"చెప్పినవా?"

"చెప్పిన, కాకా."