గుడివాడలో చామంతి టీ, అవనిగడ్డలో దించిన శ్రుతి

బందరు నుంచి అవనిగడ్డకి చల్లపల్లి మీదుగా తిన్నగా బస్సుంది. బుద్ధున్నవాడెవడూ గుడివాడ చుట్టి వెళ్లడు. నేను వెళ్లాను. కారణం నా గొంతు.

పగలు ఆఫీసులో గుమాస్తాని, సెలవుల్లో పద్యనాటకాల నటుణ్ణి. మా సమాజంలో చేరినప్పట్నించీ నాకు మంత్రి, సేనాపతి, కబురు మోసుకొచ్చే భటుడు, ఇవే వేషాలు. ఈసారి రాజు వేషం వేసే ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. శనివారం అవనిగడ్డలో ఆట. కిరీటం నా నెత్తికొచ్చింది. ఆ వెంటనే జలుబూ వచ్చింది.

మా ఆవిడ శారద మిరియాల కషాయం మొదలుపెట్టింది. దాని మీద శొంఠి కాఫీ, దాని మీద అల్లం రసం. జలుబంటే చలువ, చలువకి వేడి విరుగుడు. మా వీధిలో ఇందులో రెండో మాట లేదు. శనివారం పొద్దున లేచేసరికి ముక్కు కాస్త నయం గానీ గొంతులో నిప్పులు పోసినట్టుంది. అద్దం ముందు ఒక పద్యం ఎత్తుకుంటే సగంలో గొంతు జీరపోయింది. నాకు నిజంగా భయమేసింది. ఈ ఆట పాడుచేస్తే ఇక జన్మలో రాజు వేషం రాదు.

"గుడివాడలో హారికకి చూపించుకుని వెళ్లండి. దారేగా" అంది శారద. దారి కాదని ఆవిడకీ తెలుసు. హారిక మా తోడల్లుడి కూతురు. చైనాలో డాక్టరు చదువు చదివి వచ్చింది. అక్కడ వాళ్ల సంప్రదాయ వైద్యం కూడా పాఠాల్లో ఉంటుందట. క్లినిక్కు బోర్డు మీద ఏమున్నా, గుడివాడలో ఆటో అబ్బాయిలకి ఆ పిల్ల 'చైనా డాక్టరమ్మ'.

బందరులో పొద్దున్నే పాసింజరు ఎక్కాను, మాస్కు పెట్టుకుని. కిటికీ పక్క సీటు దొరికింది. పెడనలో కలంకారీ దుప్పట్ల మూటతో ఒకాయన ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. నేను రెండుసార్లు దగ్గానో లేదో, జేబులోంచి పొట్లం తీశాడు.

"కరక్కాయ ముక్కండీ. బుగ్గన పెట్టుకోండి. పైన నాలుగు మిరియాలు నమిలారంటే గొంతు గంటలా మోగుద్ది."

కాదనలేకపోయాను. గుడివాడలో దిగితే స్టేషను బయట టీ కొట్టాయన నా దగ్గు విని, అడక్కుండానే అల్లం దట్టించి ఇచ్చాడు. అదీ తాగాను. మన వైపు జలుబు చేసినవాడికి డాక్టర్లు కొదవుండరు.

హారిక ముందు మామూలు డాక్టరులాగే జ్వరం చూసింది, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది, టార్చి వేసి గొంతు చూసింది. తర్వాత రెండు చేతుల నాడీ పట్టుకుని చూసింది.

"నాలిక చాపండి పెదనాన్నా. అబ్బో, ఎంత ఎర్రగా ఉందో! చలేస్తోందా, వేడిగా ఉందా?"

"మొదట్లో వణికాను. ఇప్పుడు ఒళ్లంతా సెగ. ఒకటే దాహం. కళ్లె కూడా పచ్చగా వస్తోంది."

"మరి ఏం వాడారు?"

చెప్పాను. కషాయం నుంచి స్టేషను టీ దాకా ఏదీ దాచలేదు. ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

"చైనావాళ్లు జలుబంతా ఒకటే అనరు పెదనాన్నా. చలిగాలి పట్టిన జలుబు వేరు, వేడిగాలి పట్టిన జలుబు వేరు అంటారు. వణుకు, ఒళ్లునొప్పులు, నీళ్లలా కారే ముక్కు ఉంటే అల్లం, ఉల్లికాడల తెల్లభాగం వేసి పల్చటి గంజి తాగించి, దుప్పటి కప్పి కాస్త చెమట పట్టనిస్తారు. మొదట్లో మీకది సరిపోయేది. ఇప్పుడు మీది వాళ్ల లెక్కలో రెండో రకం. గొంతు మంట, దాహం ఉన్నప్పుడు వాళ్లు మిరియాల జోలికి పోరు. పుదీనా, చామంతి లాంటి చలవ చేసేవి ఇస్తారు."

"ఇందులో కొత్తేముందే? వేడి, చలువ మనకీ ఉన్నాయిగా."

"ఉన్నాయి. మావిడిపండు తిన్నప్పుడు వేడి చేసిందంటాం. జలుబు దగ్గరికొచ్చేసరికే ఎందుకో మర్చిపోతాం."

హారిక ఎండు చామంతుల పొట్లం చేతిలో పెట్టి, దండల చామంతులు మాత్రం వాడొద్దని, వాటికి పురుగుమందులు కొడతారని చెప్పింది. అక్కడే ఒక గ్లాసు కాచి ఇచ్చింది. లేత పసుపు రంగు నీళ్లు, కొంచెం చేదు, చివర్లో పుదీనా. గొంతులోకి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

"అయితే సాయంత్రానికి తగ్గిపోతుందా?"

"తగ్గదు. గొంతుకి హాయిగా ఉంటుంది, అంతే. జలుబు దాని టైము అది తీసుకుంటుంది. జ్వరం పెరిగినా, ఆయాసం వచ్చినా చామంతులు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడొద్దు, ఆట అయ్యాక కూడా రెండ్రోజులు అంతే. పాడక తప్పదంటే శ్రుతి దించుకోండి."

పదకొండు దాటాక పామర్రు మీదుగా వెళ్లే బస్సెక్కాను. కండక్టరుకి ఫోన్లో 'అవనిగడ్డ' అని కొట్టి చూపించాను. పక్క సీటు పెద్దాయన అది చూసి తెగ జాలిపడ్డాడు.

"పుట్టినప్పట్నించీ అంతేనాండీ?"

కాదని తలూపాను.

"మరెప్పట్నించి?"

ఇవాళ పొద్దుట్నించని సైగ ఎలా చెయ్యాలో తెలియక గుడివాడ వైపు చెయ్యి చూపించాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ, "వదలకుండా రోజూ మిరియాలు నమలండి బాబూ, మాటొచ్చేస్తది" అన్నాడు.

చల్లపల్లిలో బస్సు ఆగితే దిగి కారప్పొడి లేకుండా రెండిడ్లీలు తిన్నాను. మళ్లీ బస్సు. మోపిదేవి దాటాక రెండు పక్కలా పచ్చటి వరి, పైన తెల్లటి కొంగలు. మాట్లాడే పని లేకపోతే కళ్లు ఇంత బాగా చూస్తాయని నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఈ దారంతా కబుర్లతోనే గడిపేశాను.

సాయంత్రం అవనిగడ్డలో సమాజం పెద్ద సుబ్బారావుగారు స్టేజీ వెనక హార్మోనియం సర్దుకుంటున్నారు. వేషాలు ఇచ్చేదీ, హార్మోనియం వాయించేదీ ఆయనే. నేను బావగారంటాను. శ్రుతి దించాలని చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"రాజు వేషానికి ఆరు శ్రుతి బావగారూ! దించితే జనం లేచి వెళ్లిపోతారు. రాగం లేకపోతే పద్యం ఎవడు వింటాడండీ?"

"ఒకసారి మెట్టు నొక్కండి."

నొక్కారు. ఎత్తుకున్నాను. జీరపోయింది. ఆయన నాలుగు శ్రుతికి దిగారు.

పొద్దుగుంకాక తెర లేచింది. యుద్ధంలో పోయిన కొడుకుని తలుచుకుని రాజు ఏడ్చే పద్యం అసలు పట్టు. దాని చివర రాగం సాగదీస్తే ఈలలు, 'వన్స్‌మోర్‌'లు. మాకు అదే భోజనం. నా దగ్గర అంత ఊపిరి లేదు. నాలుగు శ్రుతిలో, ఒక్కొక్క మాటా జాగ్రత్తగా పలుకుతూ, రాగం తీయకుండా ముగించాను. ఈల లేదు. వన్స్‌మోర్ లేదు. జనం కదలకుండా కూర్చున్నారు. లోపలికొచ్చి అట్టకిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. దుఃఖమొచ్చింది. బావగారు నావైపు చూడకుండా, "రేపు మాట్లాడుకుందాం" అన్నారు.

మర్నాడు పొద్దున బందరు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన కళ్లు మూసుకున్నారు. నాకు అడిగే ధైర్యం లేదు. అవనిగడ్డ ఊరు దాటాక ముందు సీట్లో ఉన్న, నా ఈడు ఆవిడ వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూసింది.

"రాత్రి రాజు మీరేనా అన్నయ్యగారూ?"

తలూపాను.

"మా ఆయనకి నాటకాల పిచ్చండీ. పెళ్లైన కాణ్ణించీ ప్రతి ఆటకీ నన్ను లాక్కుపోతాడు. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టేదాన్ని. ఆ రాజు ఎందుకేడుస్తాడో రాత్రే తెలిసిందండీ. ప్రతి మాటా అర్థమైంది. చప్పట్లు కొట్టడానికి చెయ్యాడలేదు."

నాకు ఒళ్లు పులకరించింది. చేతులు జోడించాను. పక్కన బావగారు కళ్లు తెరవకుండానే అన్నారు:

"వచ్చే నెల పెడనలో ఆట. నాలుగు శ్రుతే పెడతాను. కిరీటం మీ ఇంట్లోనే ఉంచుకోండి."

జలుబు తగ్గడానికి మరో వారం పట్టింది, హారిక చెప్పినట్టే. మీరూ ఈ దారిన వెళ్తే గుడివాడ చుట్టక్కర్లేదు, తిన్నగా వెళ్లండి. కిటికీ పక్కన కూర్చోండి. ఆ పొద్దున బస్సులో మాత్రం, చల్లపల్లిలో దిగిపోతున్న ముందు సీటు ఆవిడతో, డాక్టరు మాట మీరి, "వెళ్లి రండమ్మా" అన్నాను. గొంతు ఆ మాత్రం పలికింది.