లిఫ్టు లేని ఇంటి వెల

మా భవనంలో నాలుగో అంతస్తులో ఉండే ఆవిణ్ణి అందరూ మీటరమ్మ అనేవాళ్ళు. కరెంటు ఆఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగు తీయడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళు అదే చేసింది. నాకు ఆవిడతో చుట్టరికం ఏమీ లేదు. నేను రెండో అంతస్తులో అద్దెకి దిగిన వారంలోనే ఫ్యూజు పోతే, పని నుంచి వస్తూ ఆగి, భుజాన సంచీ కూడా దించకుండా వేసిపెట్టింది. ఆ రోజు నుంచి వదినా అని పిలవడం మొదలుపెట్టాను. దాంతో స్కూలు బస్సు నడిపే ఆవిడ భర్త అడక్కుండానే నాకు అన్నయ్య అయిపోయాడు.

నా గుమ్మం పక్కన మెట్ల మలుపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంచేదాన్ని. సాయంత్రం పైకెళ్ళే ముందు వదిన అందులో కూలబడేది. మొదట్లో రెండు నిమిషాలు, తర్వాత పది, ఆఖరి ఏడాది అరగంట. నేను చెప్పబోయేది ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ చెప్పగా విన్నది, కొంత నేను కళ్ళారా చూసింది.

ఆవిడ రోజుకి నూట యాభై ఇళ్ళు తిరిగేది. మా వైపు పాత భవనాలే ఎక్కువ. మీటర్లన్నీ కింద ఒకచోట ఉండవు, ఎవరి గుమ్మం పక్కన వాళ్ళవి. ఎక్కడం, టార్చి వేసి అంకెలు చూడటం, చేతిలోని యంత్రంలో కొట్టుకోవడం, దిగడం. ఈలోగా ఆఫీసువాళ్ళు కొత్తరకం మీటర్లు పెట్టించడం మొదలుపెట్టారు. వాటికి మనిషితో పనిలేదు, రీడింగు వాటంతటవే పంపుకుంటాయి. కొందరు రీడర్లని ఇంటికి పంపేసి, ఇంకా కొత్త మీటర్లు రాని వీధులన్నీ మిగిలినవాళ్ళ నెత్తిన రుద్దారు. అలా ఉద్యోగం అరిగిపోతున్న కొద్దీ వదినకి మెట్లు మాత్రం పెరిగాయి.

మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చూసి, మెట్లెక్కడం పూర్తిగా మానెయ్యమన్నాడట.

"మానేస్తాను సరే, మరి ఇంటికెలా వెళ్ళమంటారండీ?" అని అడిగిందట వదిన.

ఆయన నవ్వి మాత్రలు రాసిచ్చాడు. మా భవనానికి లిఫ్టు లేదు. పెట్టించుకుందామని పన్నెండేళ్ళు మీటింగులు జరిగాయి, ప్రతి మీటింగులోనూ కింది అంతస్తువాళ్ళు మాకెందుకు అనేవాళ్ళు. వాళ్ళ తప్పు కూడా లేదు.

ఇల్లు అమ్మేసి ఎక్కడైనా కింద వాటా కొనుక్కుందామని మొగుడూపెళ్ళాం అనుకున్నారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, వేరే ఊళ్ళో మందుల షాపులో చేస్తోంది. సెలవుకి వచ్చినప్పుడు ఆ పిల్ల తండ్రి ఫోన్లో ఒక వెబ్‌సైటు చూపించింది. "చిరునామా కొడితే చాలు నాన్నా, మన ఇల్లు ఎంత చేస్తుందో అదే చెప్తుంది. డబ్బులేం అడగదు."

అన్నయ్య అంతవరకూ ఫోనుని మాట్లాడటానికి తప్ప ముట్టుకున్నవాడు కాదు. ఆ పూట చిరునామా కొట్టాడు. ఒక చిన్న చక్రం గిర్రున తిరిగి, అరవై రెండు లక్షలు అని చూపించింది. వాళ్ళు కొన్నది పదమూడు లక్షలకి. అన్నయ్యకి ఏనుగెక్కినంత సంబరం. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ నా తలుపు కొట్టి మరీ చెప్పాడు.

అది మొదలు. ఉదయం పిల్లల్ని స్కూల్లో దింపితే మళ్ళీ మూడింటిదాకా ఆయనకి పని ఉండదు. ఆ ఖాళీ అంతా ఫోన్లోనే. ఇంకో సైటు పట్టాడు, అది యాభై నాలుగన్నది. "దానికి బుర్రలేదు" అన్నాడు. మూడోది యాభై ఎనిమిది నుంచి డెబ్భై ఒకటి దాకా ఎంతైనా కావచ్చంది. ఆయన డెబ్భై ఒకటే విన్నాడు. పొద్దున్నే జ్వరం చూసినట్టు అంకె చూసేవాడు. పెరిగితే వదినకి టీ కలిపిచ్చేవాడు. తగ్గితే బస్సులో పిల్లల మీద విసుక్కునేవాడు.

ఒక సైటు వంటిల్లు ఎలా ఉందని అడిగింది. మామూలుగా ఉంది, బాగుంది, చాలా బాగుంది, ఈ మూడిట్లో ఒకటి నొక్కాలి. ఆ వంటింటి నేల పలకలు, గోడ పలకలు అన్నయ్య స్వయంగా వేసుకున్నవి. మేస్త్రి కూలి ఇచ్చుకోలేక, రెండు వేసవి సెలవులు మోకాళ్ళ మీద పాకుతూ వేశాడు. చాలా బాగుంది అని నొక్కితే అంకె ఎనభై వేలు పెరిగింది.

"రెండు వేసవులకి ఎనభై వేలేనా?" అన్నాడట.

"నయం, తగ్గించలేదు" అంది వదిన.

వదినకి మొదటినుంచీ ఆ అంకె మీద గురి లేదు. నాతో ఓ సాయంత్రం అంది. "ఇల్లు తాళం వేసుంటే మేం ఏం చేస్తామో తెలుసా? పోయిన మూడు నెలల యూనిట్లు కూడి, సగటు వేసి బిల్లిచ్చేస్తాం. లోపల నలుగురున్నారో, అందరూ ఊరెళ్ళారో మాకేం తెలుసు? ఈ సైటూ అంతే. పక్కిళ్ళు ఎంతకి పోయాయో చూసి సగటు వేస్తోంది. మా ఇంటి తలుపు అది తీసి చూసిందా?"

ఒక ఆదివారం పొద్దున ఆవిడే ఫోను తీసుకుని, కూతురు చూపించిన ఆ మొదటి సైటులో వాళ్ళింటి వివరాలన్నీ ఒక్కొక్కటే చదివింది. గదులు రెండు, సరే. ఎనిమిది వందల డెబ్భై చదరపు అడుగులు, సరే. కింద చిన్న అక్షరాల్లో, లిఫ్టు ఉంది అని రాసుంది.

"ఇదేంటండీ, మనకి లిఫ్టుందట" అంది.

అన్నయ్య పేపరు దించలేదు. ఆయన అది ఎప్పుడో చూశాడని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"దాని జోలికెళ్ళకు. మనం రాయలేదుగా, అదే రాసుకుంది" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో అంకె ఒకటి తగ్గించి వెయ్యమని ఆవిణ్ణి అడగనివాళ్ళు లేరు. కొందరు బతిమాలారు, కొందరు చేతిలో నోటు పెట్టబోయారు, ఒక కొట్టువాడు కుక్కని వదిలాడు. ఎవరికీ వెయ్యలేదు. ఇప్పుడు తనింటికి తప్పుడు అంకె వేసుకోవడం ఆవిడ వల్ల కాలేదు. సవరించండి అన్నచోట నొక్కి, లిఫ్టు లేదు అని పెట్టింది. చక్రం తిరిగింది. యాభై మూడు.

"తొమ్మిది లక్షలు వేలితో చెరిపేశావు" అన్నాడు అన్నయ్య.

"ఉంటేగా చెరపడానికి."

"కొనేవాడు వచ్చినప్పుడు చూసుకునేవాడు కదా. ముందే మన గొయ్యి మనమే తవ్వుకోవడం ఎందుకు?"

"వచ్చినవాడు మెట్లెక్కే వస్తాడండీ. వాడికి తెలీదా?"

మూడు రోజులు ఆయన ఆవిడతో మాట్లాడలేదు. పళ్ళెం ముందు కూర్చునేవాడు, తినేవాడు, లేచేవాడు. మూడో రోజు వదిన నా కుర్చీలో కూర్చుని, "ఇంటికెళ్ళాలంటే కాళ్ళే కాదు, మనసూ నొస్తోంది" అంది. మంచినీళ్ళు ఇచ్చాను.

ఆ వారంలోనే బ్రోకరు వచ్చాడు. బొద్దుగా, నడివయసు మనిషి. రెండో అంతస్తు చేరేసరికి ఆయాసంతో నా గుమ్మం దగ్గర ఆగిపోయి, "అమ్మా, కొంచెం నీళ్ళుంటే ఇవ్వండి" అన్నాడు. తాగి, మెట్లవైపు తలెత్తి చూసి, "ఇంకా రెండున్నాయా?" అని నిట్టూర్చాడు. వాళ్ళింట్లో ఏం మాట్లాడాడో వదినే చెప్పింది. గదులు చూశాడు, కొళాయిలు తిప్పి చూశాడు. వంటింట్లో పలకల మీద చెయ్యి వేసి, పని బాగుందన్నాడు. అన్నయ్య మొహం కాస్త విప్పారింది. తర్వాత కూర్చుని నలభై ఆరన్నాడు.

"సైటులో యాభై మూడుందండీ" అన్నాడు అన్నయ్య.

"ఉంటుంది సార్. కంప్యూటరు మెట్లెక్కదు కదా."

"పోయిన ఆదివారం దాకా అరవై రెండుంది."

"ఆ అరవై రెండు ఇచ్చేవాణ్ణి ఆ సైటే పట్టుకొస్తే, మొదట సంతోషించేది నేనే" అన్నాడు బ్రోకరు. వెటకారంగా కాదు, అలసటగా అన్నాడట. ఆ రోజు అది అతనికి ఐదో ఇల్లు. ప్రతి ఇంట్లోనూ ఫోను తీసి ఒక అంకె చూపిస్తున్నారని, మాట పడటం తనకి అలవాటైపోయిందని చెప్పి, ఫోను నంబరు రాసిన చీటీ ఇచ్చి వెళ్ళాడు.

ఆ తర్వాత ఇద్దరూ కింది వాటాల ధరలు విచారించారు. అవి అరవైకి తక్కువ లేవు. వీళ్ళలాగే మెట్లెక్కలేనివాళ్ళందరికీ కిందే కావాలి మరి. మధ్య తేడా పూడ్చడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఆవిడకి ఉద్యోగం ఎనిమిది నెలలు ఉంటుందో లేదో. అప్పు ఇచ్చేవాడు కూడా అదే అడిగాడు. నెల గడిచింది. అన్నయ్య పొద్దున్నే అంకె చూడటం మానలేదు, కానీ బయటికి చదవడం మానేశాడు.

ఒక బుధవారం వదిన రోజూ కంటే ముందుగా వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ వెళ్ళిపోయింది. కాసేపటికి పై నుంచి అన్నయ్య గొంతు గట్టిగా వినిపించింది. మర్నాడు సంగతి చెప్పింది.

ఆవిడ తిరిగే వీధుల్లో ఒకచోట బట్టలు ఉతికి ఇచ్చే కొట్టుంది. దాని మీటరు చూద్దామని వెనక్కి వెళితే, నేల మీదనే రెండు గదుల వాటా ఖాళీగా కనిపించింది. అద్దెకి అని అట్టముక్క మీద రాసుంది. ఒక కిటికీ వీధిలోకి, ఒకటి గోడవైపు. కొట్లోని యంత్రాల చప్పుడు పగలంతా వినిపిస్తుంది. గుమ్మానికి ఒకటే మెట్టు. వదిన లోపలికెళ్ళి నిలబడి చూసి, బయటికొచ్చి, పర్సులో ఉన్నదంతా తీసి అడ్వాన్సు ఇచ్చేసింది.

"సొంతిల్లు పెట్టుకుని అద్దెకా?" అన్నాడట అన్నయ్య. "నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనివ్వండి. మన ఇల్లు అద్దెకిద్దాం. వచ్చిన అద్దె అక్కడ కడదాం, ఇంకా కాస్త మిగులుతుంది కూడా."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది."

"అడిగితే మీరు ఫోను తీసేవారు" అంది వదిన. "నేను ఇంక ఎక్కలేనండీ. అమ్మినా అమ్మకపోయినా, ఎంత చేసినా చెయ్యకపోయినా, ఎక్కలేను."

అంతకుముందు ఎప్పుడూ ఆవిడ ఆ మాట ఆయనతో అంత తేటగా అనలేదు. నొప్పిగా ఉందనేది, మాత్రలేవి అనేది. ఎక్కలేను అన్నది అదే మొదటిసారి. ఆయన ఇంక వాదించలేదు.

నాలుగో అంతస్తులోకి ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు నర్సులు వచ్చారు. మెట్లు ఎక్కుతూనే ఫోన్లో నవ్వుకుంటూ మాట్లాడుకోగల వయసు వాళ్ళది. సామాను దించే రోజు నేనూ చెయ్యి వేశాను. మంచం ఊడదీశారు, బీరువా దించేసరికి హమాలీల తల ప్రాణం తోకకొచ్చింది. అందరికంటే చివర వదిన బయటికొచ్చింది. తలుపు పక్కనున్న తన సొంత మీటరు ముందు ఆగి, టార్చి వేసి, రీడింగు ఒక కాగితం మీద రాసింది. తారీఖు వేసి ఆ అమ్మాయిల చేతికిచ్చి, "మీ బిల్లు ఇక్కణ్ణించి మొదలు" అంది. ఆ తర్వాత దిగడానికి ఆవిడకి పావుగంట పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు.

రెండు నెలలకి పైన స్నానాల గదిలో కొళాయి కారుతోందని నర్సులు ఫోను చేశారు. అన్నయ్య పనిముట్ల సంచీ తీసుకుని వచ్చాడు. తిరిగి దిగుతున్నప్పుడు, వదినని చూసి చాలా రోజులైందని నేనూ ఆయనతో బయల్దేరాను. దారిలో ఆయన కొళాయి లోపలి రబ్బరు మారిస్తే సరిపోయిందని మాత్రం చెప్పాడు.

కొట్టు వెనక వాటాలో వదిన మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. మోకాళ్ళకి మందు రాసుకున్నట్టుంది, గదంతా ఆ వాసన. గోడ అవతల యంత్రాలు గుర్రుమంటున్నాయి. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

"ఎలా ఉంచారు ఇంటిని?" అని ఆయన్ని అడిగింది.

అన్నయ్య చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బాగానే ఉంచారు. నన్ను కూర్చోమని కాఫీ ఇచ్చారు. మన ఇంట్లో నన్నే కూర్చోమనేసరికి ఎక్కడ కూర్చోవాలో తెలీలేదు."

"ఎక్కడ కూర్చున్నారు?"

"కిటికీ దగ్గర. ఒకమ్మాయి రాత్రి డ్యూటీ చేసొచ్చి లోపల పడుకుంది. ఇంకో అమ్మాయి నిద్ర లేస్తుందేమోనని గుసగుసగా మాట్లాడింది. నేనూ సుత్తి చప్పుడు కాకుండా పని చేశాను."

"మంచి పని చేశారు" అంది వదిన.

ఆయన సంచీ మంచం కిందికి తోసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వదిన దిండు సర్దుకుని, నన్ను పక్కన కూర్చోమని చోటు చూపించింది. మరో ఐదు నెలల్లో తన పని అయిపోతుందని ఆఫీసులో కాగితం ఇచ్చారని చెప్పింది. ఏం చేస్తావు వదినా అని అడిగాను. కొన్నాళ్ళు ఇలాగే కాళ్ళు చాపుకుని ఉంటానంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే, ఆ చప్పుడులోనే నిద్రపోయింది.