గోడవార బల్ల మీది లైటు

విజయనగరంలో మా ఆఫీసుకి ఒక రివాజు ఉంది. కిటికీ పక్క బల్ల ఖాళీ అయితే సీనియారిటీలో తర్వాతివాళ్లకి ఇవ్వాలి. ఆ బల్ల కోసం పద్నాలుగేళ్లు గోడవారనే కూర్చుని కాచుకున్నాను. తీరా అక్కడి పెద్దాయన రిటైరైన వారమే నాకు జ్వరం తగిలింది. సెలవు ముగించుకుని వచ్చేసరికి, పాతపట్నం నుంచి బదిలీ మీద వచ్చిన అమ్మాయి దర్జాగా అక్కడ కూర్చుని ఉంది. నోటికాడి ముద్ద లాగేసుకున్నట్టయింది.

ఆ నెలలోనే కరెంటు ఆదా కోసమని కొత్త లైట్లు బిగించారు. ఎండ పడితే వాటంతట అవే తగ్గుతాయి, మబ్బు పడితే పెరుగుతాయి. ప్రతి బల్లకీ పైన గుండీ అంత సెన్సారు ఒకటి.

ఆ అమ్మాయి తన బల్ల మీద పూల గుడ్డ పరిచింది. "బల్లంటే ఇలా ఉండాలి" అని ఆఫీసరు మెచ్చుకున్నారు. నేనూరుకుంటానా? ఆదివారం పొందూరు వెళ్లి, ఉన్నవాటిలోకెల్లా తెల్లటి ఖద్దరు ఏరి తెచ్చి నా బల్ల నిండా పరిచాను. ఆఫీసరు కన్నెత్తి చూడలేదు. పైగా సోమవారం నుంచి నా నెత్తి మీద లైటు నీరసించిపోయింది. ఫైల్లో అక్షరాలు కనబడక కళ్లు చికిలించుకునేదాన్ని. ఇది ఆమె పనే అనిపించింది. అనిపిస్తే ఊరుకోవచ్చు కదా, నలుగురిలో అనేశాను.

"కిటికీ తీసేసుకుంది. ఇప్పుడు నా లైటు కూడా లాగేసుకుంటంది సార్!"

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు హాయిగా ఉంది.

లైట్లు బిగించినాయన వచ్చి నిచ్చెనెక్కి చూశాడు. దిగి, నా ఖద్దరు కొస పట్టుకుని లాగాడు. లైటు మెల్లగా నిండుగా వెలిగింది.

"సెన్సారు బల్లకేసి సూస్తాదమ్మా. ఇంత తెల్లగుడ్డేస్తే ఎండొచ్చేసిందనుకోదేటి?"

అందరూ పగలబడి నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు. ఖద్దరు మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"కిటికీ బల్ల కావాలని ముందే సెప్పొచ్చు కదక్కా. రా, మారిపోదాం."

ఆ మంచితనానికి నాకు ఇంకా మండింది. అయినా వద్దనలేదు. సిగ్గు విడిచి ఆ పూటే మారిపోయాను.

ఇప్పుడు కిటికీ నాదే. ఎండా నాదే, గాలీ నాదే. పది దాటితే నా నెత్తి మీద లైటు సగానికి పడిపోతుంది. గోడవార ఆమె లైటు మాత్రం నిండుగా వెలుగుతూ ఉంటుంది. అది నాకు అక్కర్లేదని నాకూ తెలుసు. అయినా పని మధ్యలో పదిసార్లు తలెత్తి దానికేసే చూస్తుంటాను.