పది చుక్కలు

మా గ్రూపులో ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఊరి పేరుకి గారు తగిలించి పిలుచుకుంటాం. కె.గంగవరం నుంచి లెక్కలు పంపే పెద్దాయన గంగవరం గారు. లారీకి కాయ ఎత్తుతున్నంత సేపూ గోనెల మీద కూర్చుని తల బద్దలుకొట్టుకునే కొబ్బరి వర్తకుడు అంబాజీపేట గారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే నేను రాజోలు గారిని. మొత్తం పన్నెండు మందిమి. కరోనా రోజుల్లో బళ్ళు మూసేస్తే, ఊరికే కూర్చోలేని నలుగురైదుగురు మొదలుపెట్టారు. ఒకరిని చూసి ఒకరు చేరారు. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చూడాలని ఎవరికీ తోచనూ లేదు.

గ్రూపుకి పద్ధతులున్నాయి. అవి గంగవరం గారు పెట్టినవి. ఒకరు లెక్క ఇస్తారు. జవాబు వచ్చినవాళ్ళు దాన్ని గ్రూపులో పెట్టకూడదు, లెక్క ఇచ్చినాయనకి విడిగా పంపాలి. ఆయన చూసి, సరిగ్గా ఉంటే "ఆయ్" అంటారు. అప్పుడు గ్రూపులో ఒక చుక్క పెట్టాలి. మాటా మంతీ లేదు, ఒట్టి చుక్క. తరవాత తప్పని తేలితే ఎన్నాళ్ళకైనా ఆ చుక్క జాడ లేకుండా చెరిపేసుకోవచ్చు. రానివాళ్ళు "వదిలేశాను" అని రాయవచ్చు. అందరిదీ చుక్కో, వదిలేయడమో తేలేదాకా జవాబు విప్పరు, కొత్త లెక్క రాదు. ఈలోగా ఆలోచించే మనిషిని కదపకూడదు. ఎంతవరకు వచ్చిందండీ అని అడిగితే మర్యాద తప్పినట్టే. శుభోదయాలు, పువ్వుల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు, ఏవీ ఉండవు. నాకు ఆ గ్రూపు నచ్చిందే అందుకు.

ఒకసారి అంబాజీపేట గారు పంతొమ్మిది రోజులు పలకలేదు. పదకొండు మందిమి నోరు మూసుకుని కూర్చున్నాం. ఇరవయ్యో రోజున చుక్క పెట్టారు. ఆలస్యమైందని ఆయన అనలేదు, మేమూ అడగలేదు. ఆ తరవాత మా పద్ధతి మీద మాకు గర్వం కూడా వచ్చింది.

మావారికి ఇదంతా పెద్ద వేడుక. ఆయన కరెంటాఫీసులో పని చేసి రిటైరయ్యారు. లెక్క వస్తే ఏమవుతుందని మొదట్లో ఒకసారి అడిగారు. చుక్క పెడతానన్నాను. అంతేనా అన్నారు. అంతే అన్నాను. రెండు రోజులు నవ్వేరు. ఇంటికి ఎవరొచ్చినా, మా ఆవిడ చుక్కల సంఘంలో మెంబరండీ అని చెప్పేవారు. నేను కాగితం ముందేసుకుని కూర్చుంటే మాత్రం టీవీ గొంతు తగ్గించేసేవారు. నేను ఇన్నేళ్ళలో ఒక్క లెక్క కూడా వదిలేయలేదని ఆయనకి తెలుసు. నాకన్నా ఎక్కువ చెప్పుకున్నది ఆయనే.

ఆ సోమవారం గంగవరం గారు ఒక లెక్క ఇచ్చారు. చేలో ఎనిమిది కొబ్బరి చెట్లు, ఎనిమిది నూతులు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. ఏ మూడూ ఒక వరసలో లేవు. ఒక్కో చెట్టుకి ఒక్కో నుయ్యి చొప్పున తిన్నగా నీటి బోదెలు తవ్వాలి, ఏ బోదె ఇంకో బోదెని దాటకూడదు. ఎనిమిదే కాదు, ఎన్నయినా సరే, చెట్లూ నూతులూ ఎలా ఉన్నా సరే, ఇలా తవ్వడం ఎప్పుడూ కుదురుతుంది. ఎందుకు?

చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. గీసి చూస్తే ఒక చోట చిక్కు విప్పేసరికి ఇంకో చోట పడుతుంది. సోమవారం సాయంత్రం కాగితం నింపాను. మంగళవారం ఇంకో రెండు నింపాను.

బుధవారం పొద్దున్న మావారు పెరట్లో మొహం కడుక్కుంటూ కూర్చుండిపోయారు. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే అయిపోయింది.

ఆ తరవాత జరిగినవన్నీ నాకు బాగానే గుర్తున్నాయి. అదే నా మీద నాకు కోపం. సమాధుల దొడ్లో ఆయన పెట్టె మీద ఎన్ని దండలు పడ్డాయో ఇప్పుడడిగినా చెబుతాను. ఆదరణ కూడికలో పాస్టరు గారు వాక్యం చెబుతుంటే షామియానాలో ఎర్ర చారలెన్నో, తెల్ల చారలెన్నో చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. బాధ కూడా రాలేదు. వచ్చినవాళ్ళు నా చేతులు పట్టుకుని ఏడ్చేరు, నేను వాళ్ళకి మంచినీళ్ళిచ్చాను. ఏడవండమ్మా, ఏడిస్తే తేలికవుతుంది అని చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ చెప్పేవారే. ఏడవడం నా చేతిలో ఉన్న పనైతే వీళ్ళ పోరు పడలేక ఎప్పుడో ఏడ్చేసి ఉందును.

మాకు పిల్లలు లేరు. మా ఆడపడుచు వచ్చి నాతో ఉంది. ఫోను తనే తీసుకుంది. ఎవరు చేసినా తనే ఎత్తి, మా అన్నయ్య పోయాడండీ అని, ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పేది. ప్రతిసారీ ఏడ్చేది. బడిలో హెడ్మాస్టరు గారు చెప్పేశారు. చర్చిలో పాస్టరు గారు చెప్పేశారు. ఆ మాట నేను నోటితో అనాల్సిన అవసరమే ఎవరూ రానివ్వలేదు. మేలు చేశారనే అనుకున్నాను.

పదహారో రోజున బడికి వెళ్ళాను. ఇంట్లో ఉండి చేసేదేముంది? తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెప్పాను. నోటికి వచ్చిన పాఠం, నోరు చెప్పుకుపోయింది. పిల్లలు ఎప్పుడూ లేనంత బుద్ధిగా కూర్చున్నారు. అది కూడా చిరాకేసింది.

ఆ సాయంత్రం ఆడపడుచు ఫోను నాకిచ్చి ఊరెళ్ళింది. గ్రూపు తెరిచాను. గంగవరం గారి చెట్లూ నూతులూ అలాగే ఉన్నాయి. వాటి కింద చుక్కలు. ఒకటి, రెండు, వరసగా పది. పదోది పెట్టి ఎనిమిది రోజులైంది. దాని కింద ఏమీ లేదు.

లెక్క ఇచ్చినాయన్ని తీసేస్తే మిగిలేది పదకొండు మంది. పది చుక్కలు పడ్డాయి. ఆ పదకొండో చుక్క నాది. నా కోసం ఆగారు.

వాళ్ళకి తెలియదు కదా. తెలిసే దారి లేదు. నా పేరే తెలియనివాళ్ళకి నా మొగుడు పోయాడని ఎవరు చెబుతారు? మనిషి మాట్లాడకపోతే ఇంకెవరైనా ఒంట్లో బాగోలేదేమో అనుకుంటారు, ఇంట్లో ఏమైనా అయిందేమో అని ఫోను చేస్తారు. మావాళ్ళు మాత్రం రాజోలు గారు ఆలోచిస్తున్నారు అనుకున్నారు. పైగా కదిపితే నాకు ఎక్కడ అంతరాయమవుతుందోనని పదిమందీ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

నేను కాగితం తీశాను. ఎనిమిది చెట్లు, ఎనిమిది నూతులు గీశాను. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. తప్పు దారి రావడం వేరు, నాకు అలవాటే. అసలు ఏ దారీ రాలేదు. బొమ్మ బొమ్మలాగే ఉంది, నేను నాలాగే ఉన్నాను. మర్నాడూ అంతే. వారం తరవాతా అంతే. అప్పుడు మాత్రం కొంచెం భయం వేసింది. ఆ రోజుల్లో నాకు అనిపించిందంటూ ఏదైనా ఉంటే ఆ భయం ఒక్కటే. మావారితో పాటు ఇది కూడా పోయిందేమో అని. పోతే ఇంక నా దగ్గర ఏం మిగిలినట్టు? త్రిభుజాల పాఠం ఒక్కటీ.

వదిలేశాను అని రాస్తే గొడవ వదిలిపోయేది. జవాబు విప్పేవారు, కొత్త లెక్క వచ్చేది, వాళ్ళ బతుకు వాళ్ళకి సాగేది. రెండుసార్లు ఆ మాట టైపు చేసి చెరిపేశాను. అది రాస్తే నిజమైపోతుంది. జరిగింది చెబుదామంటే, నాకు పలకరింపులు లేని చోటంటూ మిగిలింది అదొక్కటే. అక్కడ కూడా చేతులు జోడించిన బొమ్మలు పడతాయంటే నావల్ల కాలేదు. అందుకని ఏమీ రాయలేదు. వాళ్ళు ఆగుతూనే ఉన్నారు.

నలభై మూడో రోజున, బడిలో అన్నాల వేళ, ఫోను మోగింది. కొత్త నంబరు. స్టాఫ్ రూమ్ బయట వరండాలోకి వెళ్ళి ఎత్తాను.

"రాజోలు గారాండీ? నేనండీ, గంగవరం" అన్నారు. ముసలి గొంతు. నేననుకున్నదానికన్నా బాగా ముసలి. తనే పెట్టిన పద్ధతి తనే తప్పుతున్నందుకు క్షమించమన్నారు. నిన్నటి నుంచి ఫోను పట్టుకుని చెయ్యనా మాననా అని తిరుగుతున్నారట. ఇంట్లోవాళ్ళు కేకలేశారట, మనిషేమైందో అడక్కుండా ఇన్నాళ్ళూ ఊరుకుంటారా అని.

"అమ్మా, ఆలోచిస్తున్నారా, లేకపోతే ఏవైనా జరిగిందా అండీ?"

ఆయనకి చెప్పడానికి పక్కన ఆడపడుచు లేదు. హెడ్మాస్టరు గారు లేరు. నేనే ఉన్నాను.

"మావారు పోయారండీ" అన్నాను.

నా గొంతు నాకే వినిపించింది. నలభై మూడు రోజుల్లో ఆ మాట నేను అనడం అదే మొదలు. ఎప్పుడని అడిగారు. లెక్క ఇచ్చిన మూడో రోజునని చెప్పాను.

"మీకు లెక్క కష్టంగా ఉందనుకున్నామండీ" అన్నారు.

"కష్టంగానే ఉందండీ" అన్నాను.

లెక్క మూసేస్తానమ్మా, మీరు దాని గురించి పెట్టుకోకండి అన్నారు. వద్దన్నాను. గ్రూపులో నేనే చెబుతానన్నాను. ఆయ్ అన్నారు. ఎప్పుడూ రాతలో చూడడమే తప్ప ఆయన ఆయ్ అనడం వినలేదు. అంత మెల్లిగా అంటారని అనుకోలేదు.

ఫోను పెట్టేసి అక్కడే నిలబడి రాశాను. మావారు పోయారు. అందుకే ఆలస్యం. లెక్క ఇంకా వదల్లేదు. మూడే ముక్కలు. పంపేసి, బొమ్మలు పడితే గ్రూపులోంచి వెళ్ళిపోదామని కూడా నిర్ణయించుకున్నాను. గంట కొట్టారు. క్లాసుకి వెళ్ళాను.

క్లాసు అయ్యాక చూస్తే ఒక్క బొమ్మా లేదు. ఒక్క మాటా లేదు. అందరూ చూసినట్టు గుర్తు మాత్రం పడింది. హమ్మయ్య అనుకుని లెక్క దాకా వెనక్కి వెళ్ళాను. చుక్కలు తొమ్మిదే ఉన్నాయి. అంబాజీపేట గారిది లేదు. చేసింది తప్పని తరవాత తెలిస్తే చుక్క తీసేసుకోవడం మాలో ఉన్నదే. పాపం ఇన్నాళ్ళకి తప్పు దొరికింది కాబోలు అనుకున్నాను. నా బుర్ర ఆ స్థితిలో ఉంది మరి.

ఆ వెంటనే ఎనిమిదయ్యాయి. నేను చూస్తుండగానే ఏడయ్యాయి.

ఇంతమందికి ఒకే రోజున తప్పు దొరకదు. అర్థమై స్టాఫ్ రూములో కుర్చీలో కూర్చుండిపోయాను. ఆరు. కొంచెం ఆగి ఐదు. ఎవరో ఒకాయన పనిలో ఉన్నట్టున్నాడు, చాలాసేపు రెండు దగ్గర ఆగింది. చివరి గంట కొట్టేలోగా అవి కూడా పోయాయి. చెట్లూ నూతుల కింద ఇంక ఒక్క చుక్కా లేదు, సోమవారం సాయంత్రం నేను మొదటిసారి చూసినప్పటిలాగే. ఎప్పుడో జవాబు తెలిసిపోయినవాళ్ళు పదిమందీ తెలియనివాళ్ళయిపోయి, నా పక్కన వచ్చి కూర్చున్నారు.

అప్పుడొచ్చింది ఏడుపు. కొంగు అడ్డం పెట్టుకుందామన్నా ఆగలేదు. వెక్కిళ్ళు పడ్డాయి. సంచి సర్దుకుంటున్న తెలుగు మేడమ్ గారు కంగారుపడి వచ్చి నా భుజం పట్టుకున్నారు. ఏమైందండీ, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగారు.

"లెక్కండీ" అన్నాను. "ఇంకా ఎవరికీ రాలేదు."